పి.డబ్ల్యు.ఐ. గారి ట్రాలీ

రైలు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు పట్టాల మీద మనుషులు కనబడడం బాగా తగ్గిపోయింది. విజయవాడ నుంచి కాజీపేటకో, గూడూరుకో వెళ్లే బండి ఒకప్పుడు అయిదారు కిలోమీటర్లకొక గ్యాంగును దాటుకుంటూ పోయేది. కూత వినగానే పది పన్నెండు మంది గడ్డపారలు, బీటర్లు పట్టుకుని కట్ట అంచుకు తప్పుకునేవారు. చివరి పెట్టె దాటేదాకా వాళ్ల చూపు చక్రాల మీదే ఉండేది. ఎక్కడో ఒకచోట, పట్టాల మీంచి దింపిన ట్రాలీ పక్కన, టోపీ పెట్టుకున్న మనిషి ఒకాయన చేతి గడియారం చూసుకుంటూ నిలబడేవాడు. ఆయన పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్. లైను మీద అందరికీ పి.డబ్ల్యు.ఐ. గారు. పాతవాళ్లు కొందరు దొరగారు అనేవారు.

పట్టాలు, వాటి కింద స్లీపర్లు, కంకర, మట్టికట్ట, పక్కకాలవలు, గేట్లు, చిన్న తూములు అన్నీ ఆయన పూచీయే. ఒక్కో ఇన్‌స్పెక్టరు కింద కొన్ని పదుల కిలోమీటర్ల లైను ఉండేది. అందులో ఒక బోల్టు ఊడినా జవాబు చెప్పుకోవలసింది ఆయనే. పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆ పైన డివిజనల్ ఇంజనీరు ఉన్నా వాళ్లు వచ్చిపోయేవాళ్లు. లైను పక్కనే కాపురం ఉండేది ఈయన. కింద మిస్త్రీ, గ్యాంగు మేట్లు, కీమాన్లు, గ్యాంగ్‌మెన్, గేట్‌మెన్, ట్రాలీమెన్. ఈ పెద్ద కుటుంబం యంత్రాల కంటే కళ్లనీ చెవులనీ అరికాళ్లనీ ఎక్కువ నమ్ముకుని పనిచేసింది.

ట్రాలీ

నాలుగు ఇనుప చక్రాలు, వాటి మీద చెక్క వేదిక, దాని మీద బెంచీ, ఒక పక్క చేతిబ్రేకు. పుష్ ట్రాలీ అంటే ఇంతే. ఎండ కోసం పెద్ద గొడుగో గుడ్డ పందిరో ఉండేది. నలుగురు ట్రాలీమెన్‌లో ఇద్దరు వెనక నుంచి తోసేవారు. తోయడమంటే నేల మీద నడవడం కాదు, పట్టా మీద పరుగెత్తడం. మూడంగుళాలు కూడా లేని ఉక్కు తల మీద ఒకరి వెనక ఒకరు కాదు, ఆ పట్టా మీద ఒకరు, ఈ పట్టా మీద ఒకరు కాలు జారకుండా ఉరుకుతూ, ట్రాలీ వేగం అందుకోగానే ఎగిరి కూర్చునేవారు. వేగం తగ్గగానే మళ్లీ దిగి పరుగు. వైశాఖపు ఎండలో పట్టా ఎంత కాలుతుందో వాళ్ల పాదాలకే తెలుసు. తనిఖీ చేసినది ఇన్‌స్పెక్టరుగారు అని రిజిస్టరులో ఉంటుంది. తోసినవాళ్ల ప్రస్తావన అందులో ఉండదు.

ట్రాలీ బయల్దేరే ముందు స్టేషన్ మాస్టరును కలిసి బండ్ల సంగతి కనుక్కోవడం, గడియారం సరిచూసుకోవడం, వర్కింగ్ టైంటేబిలు జేబులో పెట్టుకోవడం తప్పనిసరి. ముందూ వెనకా కనబడేలా ఎర్రజెండా. మలుపుల్లో, గట్టు తవ్విన కోతల్లో దూరం కనబడదు కనుక జెండా పట్టుకున్న మనిషి ముందుగానే నడిచేవాడు. బండి వస్తోందంటే నలుగురూ కలిసి ట్రాలీని ఎత్తి పక్కన పెట్టాలి. దానికోసం ఎత్తయిన కట్టల మీద, వంతెనల మీద అక్కడక్కడ జాగాలు కట్టి ఉంచేవారు. వంతెన నడిమధ్యన ఉండగా చక్రాల చప్పుడు వినిపిస్తే ఆ జాగా దాకా తోసుకుపోవడంలో ఉండే ఆదుర్దా ట్రాలీ ఎక్కిన ప్రతివాడికీ అనుభవమే. పని అయ్యాక ట్రాలీకి గొలుసు వేసి తాళం పెట్టాలన్నది మరో కచ్చితమైన నియమం. ఊరి పిల్లలు దాన్ని పట్టాలెక్కిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ట్రాలీ మీద కూర్చున్న ఇన్‌స్పెక్టరు పని చూడడం మాత్రమే కాదు. అతుకు దగ్గర చక్రం కుంగితే నడుముకు తెలిసేది. దిగి, గేజి పెట్టి, రెండు పట్టాల మధ్య దూరం కొలిచేవారు. బ్రాడ్‌గేజికి 1676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజికి 1000. ఒక పట్టా కంటే రెండోది ఎంత ఎత్తులో ఉందో నీటిమట్టంతో చూసేవారు. లోపం ఉన్నచోట స్లీపరు మీద సుద్దతో గుర్తు పెట్టేవారు. మలుపుల దగ్గర పని ఇంకా ఎక్కువ. 20 మీటర్ల దారాన్ని పట్టా లోపలి అంచుకు బిగించి పట్టి, దాని మధ్యలో దారానికీ పట్టాకూ ఎంత ఎడం ఉందో కొలవాలి. ఆ ఎడం మిల్లీమీటర్లలో ఎంతో చూసి 50,000ను దానితో భాగిస్తే మలుపు వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. పది మీటర్లకొకసారి ఇలా కొలుచుకుంటూ పోతే మలుపు ఎక్కడ గుండ్రంగా ఉందో, ఎక్కడ కోణం తిరిగిందో కాగితం మీదికి వచ్చేది.

ట్రాలీ కాక ఇంజను తనిఖీ ఉండేది. డ్రైవరు పక్కన నిలబడి, ఇంజను ఎక్కడ ఊగిందో, ఎక్కడ కుదుపు వచ్చిందో, ఆ చోటికి దగ్గరి కిలోమీటరు రాయి ఏదో, టెలిగ్రాఫు స్తంభం ఏదో రాసుకోవడం. మరోసారి బండి చివర గార్డుపెట్టెలో కూర్చుని అదే పని. తోక దగ్గర ఊపు ఎక్కువ తెలుస్తుందని. వేగం తెలుసుకోవడానికి మీటరు లేకపోయినా లోటు లేదు. పట్టా పొడవు 13 మీటర్లు కనుక, 47 సెకన్లలో ఎన్ని అతుకుల చప్పుడు వినబడితే బండి గంటకు దాదాపు అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. ఈ లెక్క చాలామంది ప్రయాణికులకు తెలియదు. లైను మనుషులకు మాత్రం కూడికలాగా వచ్చు.

కీమాన్ సుత్తి

రోజూ లైనంతా నడిచే మనిషి కీమాన్. గ్యాంగు పరిధి అయిదారు కిలోమీటర్లు. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. భుజాన పొడుగు పిడి సుత్తి, చేతిలో స్పానరు, సంచిలో ఎర్ర పచ్చ జెండాలు, డిటొనేటర్లు. ఆ రోజుల్లో పట్టాను స్లీపరుకు పట్టి ఉంచేవి కొన్నిచోట్ల మేకులు, చాలాచోట్ల ఉక్కు తాళాలు. సి.ఎస్.టి-9 అనే పోతయినుప స్లీపర్లు ఉన్న లైన్లలో ప్రతి పట్టా కింద రెండు బోర్లించిన ఇనుప కుండలు, వాటి దవడలకూ పట్టాకూ మధ్య బిగించిన తాళం. బండ్ల అదురుకు ఆ తాళాలు వదులవుతూనే ఉంటాయి. బిగువుగా ఉన్న తాళం మీద దెబ్బ పడితే ఖంగుమంటుంది. వదులైతే చప్పగా పలుకుతుంది. చప్పగా పలికిన దగ్గర ఆగి, రెండు దెబ్బలు వేసి, మళ్లీ నడక. తెల్లవారుజామున లైను పక్క ఊళ్లలో ఆ సుత్తి చప్పుడే గడియారం.

అతుకుల దగ్గర రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్లు, వాటికి నాలుగేసి బోల్టులు. ఎండకు పట్టా సాగాలి కనుక అతుకులో సందు వదిలేవారు. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీల వేడి పెరిగితే ఆరు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. ఆ సాగుడికి ఫిష్‌ప్లేటు అడ్డుపడకూడదని ఏటా చలికాలంలో వాటిని విప్పి, తుడిచి, గ్రీజు పూసి బిగించేవారు. అది మరిచిపోయిన గ్యాంగుకు ఏప్రిల్‌లో శిక్ష పడేది. పట్టాలు సందు మూసుకుపోయి, నెట్టుకుని, పాము తిరిగినట్టు వంకర్లు పోయేవి. రాయలసీమ, తెలంగాణ ఎండలు తెలిసిన ఇన్‌స్పెక్టర్లు మధ్యాహ్నం రెండు గంటలకు ఇంట్లో పడుకోకపోవడానికి కారణం ఇదే.

మేటు కన్ను

గ్యాంగు పని ఒక ఏడాది చక్రంలో తిరిగేది. వానలు వెనకపట్టాక దాదాపు ఆరు నెలలు లైను ఒక చివర నుంచి రెండో చివరి దాకా ప్రతి స్లీపరు కింద కంకర కూరడం, వానాకాలం ముందు రెండు నెలలు కాలవలు తీయడం, కట్టలు సరిచేయడం, వానల్లో ఎక్కడ కుంగితే అక్కడ పట్టుకోవడం.

కంకర కూరడానికి బీటరు కావాలి. ఒక వైపు పలుగులా మొనతో, రెండో వైపు మొద్దుగా ఉండే ఇనుప పనిముట్టు. ఒక స్లీపరుకు నలుగురు. ఒక్కో పట్టా కింద ఇద్దరు, వీపులు ఆనించుకున్నట్టు ఎదురెదురు దిక్కులకు తిరిగి, ఏటవాలుగా కంకరను పట్టా కిందికి కొట్టేవారు. నాలుగు బీటర్లు ఒకే లయలో పడాలి. లయ కోసం ఒకడు అందుకుంటే మిగిలినవాళ్లు హైలెస్సా అనేవారు. ఆ కేకల్లో అప్పటికప్పుడు కట్టిన మాటలు, మేటు మీద హాస్యాలు, కొన్నిసార్లు ఇన్‌స్పెక్టరుగారి మీద కూడా. ఆయన వినబడనట్టు ఉండడం మర్యాద.

మేటు ఈ గ్యాంగుకు పెద్ద. చాలామంది మేట్లకు చదువు రాదు, సంతకానికి బదులు వేలిముద్ర. కానీ పట్టా మీద చెంప ఆనించినంత కిందికి వంగి, ఒక కన్ను మూసి, యాభై మీటర్ల అవతల అతుకు ఎంత కుంగిందో చెప్పేవాడు. చెయ్యి పైకెత్తితే గడ్డపారలు పట్టాను లేపేవి, చెయ్యి అడ్డంగా ఊపితే ఆగేవి. తర్వాత పరికరంతో కొలిచినా పెద్ద తేడా ఉండేది కాదు. స్లీపరు కింద గుల్లగా ఉందో లేదో చూడడానికి చెక్క సుత్తితో తట్టి వినడం మరో విద్య. ఈ కన్నూ ఈ చెవీ ఏ పరీక్షలోనూ పెట్టేవి కావు. తండ్రి పక్కన పనిచేస్తూ కొడుకు, మేటు పక్కన పనిచేస్తూ గ్యాంగ్‌మ్యాన్ నేర్చుకున్నవే.

వాన రాత్రులు

ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో నిద్రలేని భాగం వానాకాలం. వాతావరణ శాఖ హెచ్చరిక టెలిగ్రాం వచ్చిందంటే ఆ రాత్రి మంచం మీద నడుం వాల్చడం లేదు. రెండు స్టేషన్ల మధ్య పెట్రోల్‌మ్యాన్ నడక మొదలయ్యేది. తలమీద గొంగడో గొడుగో, చేతికర్ర, మూడు రంగుల కిరోసిన్ దీపాలు రెండు, డిటొనేటర్లు, ఈల, నెంబరు బిళ్ల, ఒక పుస్తకం. సగం దారిలో ఎదురుగా రెండో స్టేషన్ నుంచి వచ్చే మనిషి కలుస్తాడు. ఇద్దరూ పుస్తకాలు మార్చుకుని వెనక్కి తిరుగుతారు. ఆ పుస్తకం మీద స్టేషన్ మాస్టరు టైము వేసి సంతకం చేస్తాడు. అనుకున్న వేళకు పెట్రోల్‌మ్యాన్ రాకపోతే లైను బాగాలేదనే లెక్క. తర్వాతి బండిని ఆపి, జాగ్రత్తగా నడపమని డ్రైవరుకు కాషన్ ఆర్డరు రాసివ్వాలి. మనిషి రాకపోవడమే హెచ్చరిక అయ్యే ఈ పద్ధతి ఎవరు ఆలోచించారో కానీ, ఖర్చులేని గొప్ప ఏర్పాటు.

కట్ట తెగిన చోటు కనబడితే ఏం చేయాలో ప్రతి పెట్రోల్‌మ్యాన్‌కూ నోటికి వచ్చేది. బ్రాడ్‌గేజి మీద తెగిన చోటికి 1200 మీటర్ల దూరాన పట్టా మీద పది మీటర్ల ఎడంతో మూడు డిటొనేటర్లు బిగించాలి. ఇంజను చక్రం కింద అవి పేలితే డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఒంటిలైను అయితే బండి ఏ దిక్కు నుంచైనా రావచ్చు, మనిషి ఒక్కడే. ఒక దిక్కుకు ఎర్రదీపం పెట్టి, ముందు బండి వచ్చే దిక్కుకు ఎర్రదీపం ఊపుకుంటూ పరుగెత్తాలి. జోరువానలో, చీకట్లో, తడిసిన కంకర మీద ఆ పరుగు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. రెండు నెలలకే తమిళదేశంలో అరియలూరు దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి ఇంకా ఎక్కువమంది పోయారు. ఈసారి రాజీనామా నిలిచింది. ఆ కథను దేశం శాస్త్రిగారి నిజాయితీకి గుర్తుగా చెప్పుకుంటుంది. లైను మీది వాళ్లు మాత్రం వాగులకు గుర్తుగా చెప్పుకునేవారు.

తెలుగునేలలో ఇన్‌స్పెక్టర్లకు వాగుల కంటే చెరువులు ఎక్కువ దిగులు. లైనుకు ఎగువన ఏ చెరువు గండిపడినా నీళ్లు నేరుగా రైలుకట్ట మీదికి వస్తాయి. అందుకే రైలుకట్టకు ముప్పు తెచ్చే చెరువుల జాబితా ఒకటి సెక్షన్ ఆఫీసులో ఉండేది. వానలకు ముందు నీటిపారుదల వాళ్లతో కలిసి ఆ చెరువుల కట్టలు, తూములు, అలుగులు చూసి రావాలి. పాత ఇన్‌స్పెక్టర్లు ఈ పని కాగితం మీద కాకుండా ఊళ్లోవాళ్లతో పరిచయం పెట్టుకుని చేసేవారు. అలుగు పారుతోందంటే నీరటికాడు గేట్‌మ్యాన్‌కు చెప్పేవాడు, గేట్‌మ్యాన్ స్టేషన్‌కు. లైను బయటి భూమిని కూడా తన సెక్షన్‌లో భాగంగా చూడడం ఆ ఉద్యోగంలోని అసలు తెలివి. అది తగ్గిన చోట ఏమవుతుందో 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర తెలిసింది. ఎగువ చెరువు తెగి వచ్చిన వరదకు కట్ట కోసుకుపోయి డెల్టా ఫాస్ట్ ప్యాసింజరు పడిపోయింది. నూటపదిమందికి పైగా చనిపోయారు.

బంగళా, జీతం రోజు

స్టేషన్‌కు కాస్త ఎడంగా వేపచెట్ల మధ్య పి.డబ్ల్యు.ఐ. బంగళా. అరుగు మీద ఫోను, గోడకు గడియారం, పెరట్లో కూరమడులు. ఆ మడులకు నీళ్లు పోసింది ఎవరని అడిగితే పాతకాలం తీపి కొంత విరుగుతుంది. మస్టరులో లైను మీద హాజరు పడిన గ్యాంగ్‌మెన్ కొందరు పొద్దుటి పూట బంగళాలో నీళ్లు మోసేవారు, కట్టెలు కొట్టేవారు. మంచి ఇన్‌స్పెక్టర్లు దీన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

నెలకొకసారి జీతాల గుమాస్తా పెట్టెతో, తుపాకి కాపలాతో బండి దిగేవాడు. గ్యాంగులన్నీ స్టేషన్‌కు వచ్చేవి. పేరు పిలవడం, ఇన్‌స్పెక్టరుగారో మిస్త్రీయో మనిషిని గుర్తుపట్టి సాక్ష్యం చెప్పడం, వేలిముద్ర, నోట్లు. స్టేషన్ బయట వడ్డీవ్యాపారి, బట్టల మూటవాడు, మిఠాయి బండి. జీతం బ్యాంకులో పడడం మొదలయ్యాక ఈ తిరనాళ్ల ఆగిపోయింది, వడ్డీవ్యాపారి కూడా.

ఇంతమంది మీద ఇంకో కన్ను ఉంది. కొత్త లైను మీద ప్రయాణికుల బండి నడవాలంటే రైల్వే భద్రతా కమిషనరు వచ్చి, మోటారు ట్రాలీ మీద తిరిగి, వేగపరీక్ష చేసి అనుమతి ఇవ్వాలి. ఈ అధికారులను వెనకటికి గవర్నమెంట్ ఇన్‌స్పెక్టర్లు అనేవారు. 1941 నుంచి వాళ్లు రైల్వేబోర్డు చేతికింద లేరు. విమానయానం చూసే శాఖ కింద ఉన్నారు. రైలును తనిఖీ చేసేవాడు రైల్వే ఉప్పు తినకూడదన్న ఆ ఏర్పాటు ఇప్పటికీ ఉంది.

మారిన లైను

మార్పు కాంక్రీటు స్లీపరుతో వచ్చింది. చెక్క స్లీపరును ఇద్దరు మనుషులు మోసేవారు. కాంక్రీటుది పావు టన్నుకు పైమాటే. దాని కింద కంకర కూరడం బీటరు వల్ల కాదు. టాంపింగ్ యంత్రం వచ్చి, ఉక్కు వేళ్లు కంకరలోకి దించి, గంటకు వెయ్యికి పైగా స్లీపర్లు సరిచేసుకుంటూ పోతుంది. పట్టాలను వెల్డింగ్ చేసి కిలోమీటర్ల పొడవున అతుకు లేకుండా పరచడంతో ఫిష్‌ప్లేట్లు, వాటి గ్రీజు, 47 సెకన్ల లెక్క పోయాయి. తాళాల బదులు సాగే ఉక్కు క్లిప్పులు వచ్చాయి. కొలతల పెట్టె ఉన్న రికార్డింగ్ బండి వేగంగా పోతూనే గేజినీ మట్టాన్నీ గీతలుగా తీస్తుంది. మేటు వంగి చూడనక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద లాభం అల్ట్రాసోనిక్ పరీక్ష. పట్టా తల లోపల మూత్రపిండం ఆకారంలో పగులు పెరుగుతూ ఉంటే పైకి ఏమీ తెలియదు. చలిరాత్రి ఉక్కు బిగుసుకున్నప్పుడు పట్టా ఒక్కసారిగా విరుగుతుంది. ఎంత అనుభవమున్న కన్నూ దాన్ని చూడలేదు, ఏ సుత్తీ వినలేదు. ధ్వని తరంగం చూడగలదు. దేశంలో తీవ్రమైన రైలు ప్రమాదాలు 2000-01లో 473 ఉంటే 2023-24కు 40కి తగ్గాయి. ఇందులో పట్టాల వాటా పెద్దది. బీటరు పట్టి నడుములు విరిగినవాళ్లకూ, కాలే పట్టా మీద పరుగెత్తినవాళ్లకూ ఆ పాత పని తిరిగి రావాలని ఎవరూ చెప్పలేరు.

పోయింది మరొకటి. యంత్రం పట్టాను చూస్తుంది, పట్టా పక్క ఊరును చూడదు. గ్యాంగు క్వార్టర్లు చాలాచోట్ల కూలిపోయాయి. పనివాళ్లు పట్టణం నుంచి వచ్చి పోతున్నారు. ఏ తూము మొదట పొంగుతుందో, ఏ కట్ట నల్లరేగడి మీద ఉండి ఏటా కుంగుతుందో తెలిసిన మనుషులు రిటైరయ్యారు. వాళ్ల జ్ఞాపకంలో ఉన్నది గ్యాంగు డైరీల్లోకి ఎక్కలేదు. మీటర్‌గేజి మార్చి వేసిన నంద్యాల, గిద్దలూరు దారిలోనైతే లైను జాడే మారింది.

ఉద్యోగం పేరు కూడా మారింది. పి.డబ్ల్యు.ఐ. ఇప్పుడు సీనియర్ సెక్షన్ ఇంజనీరు, గ్యాంగ్‌మ్యాన్ ట్రాక్ మెయింటైనర్. కీమాన్ ఉన్నాడు, అతని సంచిలో జి.పి.ఎస్. పరికరం ఉంది. ఎక్కడ నడిచాడో, ఎక్కడ ఆగాడో ఆఫీసులో తెరమీద కనబడుతుంది. పుష్ ట్రాలీ పూర్తిగా పోలేదు. సెక్షన్ ఇంజనీరు తన లైనంతా నిర్ణీత గడువుల్లో ట్రాలీ మీద, ఇంజనులో, చివరి పెట్టెలో తిరిగి చూడాలన్న నియమం ఇంకా పుస్తకంలో ఉంది. బండ్ల సంఖ్య పెరిగి, రెండు బండ్ల మధ్య విరామం నిమిషాలకు కుదించుకుపోయిన లైన్లలో ఆ ట్రాలీకి దారి దొరకడమే కష్టంగా ఉంది. చెరువుల జాబితా మాత్రం వలిగొండ తర్వాత మళ్లీ సరిచూశారు. ప్రతి వానాకాలం ముందూ నీటిపారుదల శాఖతో కలిసి తనిఖీ జరగాలి.